తోడుమర వేసిన ఒట్టు

ఆ రోజు ఇంట్లో నానమ్మ నాగరత్నం, అమ్మ మంజరి, ఏడేళ్ల ఇందుజ, ఇందుజ తోడుమర ఉన్నారు. నాన్న గనిలో డ్యూటీకి వెళ్లాడు. అంగారకుడి మీద అరుణపురి కాలనీలో పిల్లలున్న ప్రతి ఇంటికీ తోడుమర అనే ఒక మరమనిషి ఉంటుంది. అది పిల్లలతో ఆడుతుంది, పాడుతుంది. ఎవరైనా పిల్లల్ని బాధిస్తున్నారని అనుమానం కలిగితే దాని నుదుటి దీపం ఎర్రబడుతుంది, బాలరక్షణ కేంద్రానికి కబురు వెళ్తుంది. పెద్దలకూ అదే చట్టం. అనుమానం వస్తే చెప్పి తీరాలి. నిజమేమిటో కేంద్రం తేలుస్తుంది.

ఈ తోడుమరకు నిన్నటి నుంచి దీపం ఎర్రగానే ఉంది. కబురు మాత్రం వెళ్లలేదు. అందుకే దాన్ని తయారుచేసిన డాక్టర్ వకుళ స్వయంగా వచ్చింది. సెన్సర్లన్నీ చూసింది. లోపమేమీ లేదు.

"ఎందుకు చెప్పలేదు?"

"పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. చెబితే తల పగిలిపోతుందట."

వకుళ పకపకా నవ్వింది. "చట్టమంతా నేర్పాను గానీ ఇది నేర్పలేదు! ఒట్టు తీసి గట్టు మీద పెట్టేయ్."

"అది పాపే తీయాలి."

ఇందుజ తోడుమరను గట్టిగా వాటేసుకుంది. "చెబితే దీన్ని తీసుకెళ్లిపోతారని అన్నాడు."

"ఎవరన్నా సరే, అబద్ధం. ఇది నీ దగ్గరే ఉంటుంది," అంది వకుళ.

ఇందుజ కాసేపు ఆలోచించి, తన తల తడిమి, వంటింటి గట్టు మీద చెయ్యి పెట్టి వచ్చింది.

"ట్యూషన్ మాస్టారు స్కేలుతో కొడుతున్నారు," అంది తోడుమర. "వీపు మీద వాతలున్నాయి. నానమ్మగారూ అమ్మగారూ నీళ్లు పోసేటప్పుడు చూశారు."

"నేను అడిగితే పడ్డానంది," అంది మంజరి తల దించుకుని.

"నాది ఒట్టు. మీరు ఎవరికి ఒట్టేశారు?" అని అడిగింది తోడుమర.



"నలుగురికే తల్లీ," అంది నాగరత్నం. "చదువు చెప్పేవాణ్ణి రచ్చకీడిస్తే నలుగురూ ఏమంటారోనని."

దీపం మిణుకుమిణుకుమంది. కబురు బయలుదేరబోతోంది.

"ఆగవే! మనుషులం లేమూ? నేను చెబుతా!" నాగరత్నం గోడ ఫోను అందుకుంది. "బాలరక్షణ కేంద్రమా? మా మనవరాలి గురించి. అనుమానమే బాబూ. అనుమానం చాలన్నారుగా?"

మంజరి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. "రేపట్నుంచి ఆ ట్యూషన్ లేదు. వాణ్ణి గడప తొక్కనివ్వను."

ఇందుజ ఎగిరి గంతేసింది. తోడుమర చెయ్యి పట్టుకుని గదిలోకి పరుగెత్తింది. ఆ ఒట్టు సంగతి ఇంకా అడగాలని వకుళ వెనకే వెళ్లింది.

"మీకెన్ని ప్రశ్నలు ఆంటీ! ముందు మేం ఆడుకోవాలి," అని ఇందుజ ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.