పాత లేత్ తిరిగేదాకా

"ఆగండి! ఆ కాగితం పెట్టి రుద్దారంటే ఊరుకోను!"

పంపుల మెకానిక్ ఉలిక్కిపడి తలెత్తాడు. షెడ్డు గుమ్మంలో తడిసిన గొడుగు ముడుస్తూ ఒకమ్మాయి నిలబడి ఉంది. అతని చేతిలో ఎమెరీ పేపర్. ఎదురుగా కొత్తగా కొని తెచ్చుకున్న పాత లేత్ మెషిన్, ఒంటినిండా తుప్పుతో.

"కొన్నది నేనండీ," అన్నాడు.

"అమ్మింది మా నాన్న. గరుకు కాగితంతో గీకితే పట్టాలు అరిగిపోతాయి. ఇక జన్మలో తిన్నగా కొయ్యదు. కిరోసిన్ పోసి నాననివ్వండి."

ఆమె తండ్రి లేత్ మీద పేరున్న టర్నర్. చేతులు వణకడం మొదలయ్యాక మెషిన్ అమ్మేశాడు గానీ మనసు దాని చుట్టూనే తిరిగేది. మందుల షాపులో డ్యూటీ దిగి ఇంటికొచ్చే దారిలో ఒకసారి చూసి రమ్మని కూతుర్ని పంపేవాడు.

"వచ్చారా ఇన్‌స్పెక్టర్ గారూ?" అనేవాడు మెకానిక్.

"వచ్చాను. మూతికి ఆ గ్రీజేంటి, తిన్నారా?"

అతను తుడుచుకోబోయి చెంపంతా పులుముకునేవాడు. ఆమె నవ్వాపుకోలేక గొడుగు చాటుకు పోయేది.

ఇద్దరూ కలిసి గేర్లు విప్పి కడిగారు. ఎండి బిగుసుకుపోయిన బెల్టు మార్చారు. ఒకసారి కిరోసిన్ పళ్లెంలో ఒకే మరమేకు కోసం ఇద్దరి వేళ్లూ వెతికాయి, తగిలాయి. ఎవరూ వెంటనే చెయ్యి తీయలేదు.

ఆ రోజే అతనికి తన మనసు తెలిసింది. కానీ తుప్పుపట్టిన ఇనుము ముందు నిలబడి పిల్లనెలా అడగడం? మెషిన్ తిరగాలి. అది కోసిన మొదటి కడ్డీ పెద్దాయన చేతిలో పెట్టి అప్పుడడగాలి.

"ఎప్పుడు మొదలెడతారు?" అందామె ఒక సాయంత్రం.

"కడ్డీని తిప్పే స్పిండిల్ ఇంకా కాస్త ఊగుతోందండీ."

"అన్నీ కుదిరాకే మొదలెట్టాలా?"

"మరి? తొందరపడితే పని చెడుతుంది."

"ఆలస్యమైతే?"

అతను వంగి బోల్టు బిగిస్తున్నాడు. ఆమె మొహం చూడలేదు.

ఆ తర్వాత ఆమె రావడం తగ్గింది, ఆపైన ఆగిపోయింది. డ్యూటీ మారిందేమోననుకుని పనిలో పడ్డాడు.

మెషిన్ సిద్ధమైన రోజు తండ్రీకూతుళ్లను పిలిచాడు. కడ్డీ బిగించి స్విచ్ వేశాడు. ఇనుము మెరిసే చుట్టలుగా ఊడి రాలింది. పెద్దాయన వణికే వేలితో కోత తడిమి, "అద్దంలా వచ్చిందిరా!" అన్నాడు.

"మాస్టారూ, మీతో ఒక మాట..."

"ముందు నా మాట విను. పిల్లకి సంబంధం ఖాయమైంది. పెళ్లికి నువ్వు తప్పకుండా రావాలి."

మెకానిక్ స్విచ్ ఆపేశాడు. అతని మొహం చూసి పెద్దాయన నెమ్మదిగా స్టూలు మీద కూలబడ్డాడు.

"నువ్వడుగుతావని ఎన్నాళ్లో చూశానురా. రోజూ దీన్ని పంపింది మెషిన్ కోసమేననుకున్నావా?"

పెద్దాయన లేచి బయటికి నడిచాడు.

"నాకూ నోరుంది. నేనైనా అడగాల్సింది," అందామె.

"ఇప్పుడు..."

"వద్దు. మాటిచ్చేశాను. మంచివాడు." ఆమె గుమ్మం వైపు తిరిగింది. "చూడ్డానికొచ్చిన రోజే, నచ్చానని మొహం మీదే చెప్పేశాడు."

అతను గుమ్మం దాకా వెళ్లాడు. తండ్రి చెయ్యి పట్టుకుని ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి వెనక్కి వచ్చాడు. కడ్డీ ఇంకా వేడిగానే ఉంది.