నల్ల కాలవలో మూడు చక్రాలు

చీకటి పడ్డాక నల్ల కాలవ దాటకూడదని మా వైపు పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

పగలైతే ఎవరైనా దాటుతారు. ఆటుకు సముద్రం వెనక్కి పోగానే ఒడ్డుకీ పెరిగో దీవికీ మధ్య ఇసుక పైకి తేలుతుంది. ఆ ఇసుక మీదే మందల్ని తోలుకుపోతారు, ట్రాక్టర్లు నడుపుతారు. నడిమధ్యన ఆ కాలవ ఒక్కటే ఎన్నడూ ఎండదు. దాన్ని దాటే చోటు తెలిసుండాలి, అంతే.

రాత్రి సంగతి వేరు. పొగమంచు దిగిందా — అక్కడ ఒక వెలుగు తిరుగుతుందంటారు. బండి లైటంత వెలుగు... నీళ్ళ మీద, ఏ బండీ వెళ్ళలేని చోట. చూశామన్న వాళ్ళలో సగం మంది పబ్బు నుంచి ఇంటికి పోతున్నవాళ్ళే, కాదనను. మిగతా సగం మంది చుక్క ముట్టని వాళ్ళు. వాళ్ళ మాటే ఎవరికీ మింగుడుపడదు.

ఆ వెలుగు రెజ్‌దని మాత్రం అందరిదీ ఒకే మాట. రెజ్ ముప్ఫయ్యేళ్ళ కిందట ఒక చలికాలపు సాయంత్రం దీవి నుంచి లావుపాటి టైర్ల తన మూడు చక్రాల మోటారు బండి మీద ఇంటికి బయల్దేరాడు. తెల్లారేసరికి బండి మా ఒడ్డున ఉంది. ఎవరో తెచ్చి నిలబెట్టినట్టు, నిటారుగా. రెజ్ లేడు. శవమైనా దొరకలేదు.

అతని పెళ్ళాం ఆ బండిని పాత షెడ్డులో దూలానికి వేలాడదీయించింది. "నా మొగుణ్ణి మింగింది. దీని చక్రం ఇంక నేలకు తగలకూడదు," అంది. ఆమె పోయింది గానీ ఆమె మాట మిగిలింది. గాలి వీస్తే దూలం కిర్రుమనేది, బండి ఊగేది, పక్కింటి కుక్కలు ఆ షెడ్డు వైపు చూసి మొరిగేవి.

రెజ్ కూతురు నోలీన్ ఈ కబుర్లేవీ నమ్మేది కాదు. నమ్మేది కాదు గానీ... ఆ షెడ్డులోకి ఒంటరిగా వెళ్ళేదీ కాదు.

అలాంటి నోలీన్, మా వైపు నడి చలికాలమైన జూలైలో, మసక చీకట్లో, ఆ షెడ్డు తలుపు తానే తెరవాల్సి వచ్చింది.

ఆ పొద్దున ఆమె మొగుడు బెవన్ ఈనబోయే ఆవుల్ని దీవికి తోలుకుపోయాడు. ట్రాక్టరూ అతనితోనే పోయింది. మధ్యాహ్నం దాటాక రేడియోలో గొంతు వచ్చింది.

"నోలీన్... ఇక్కడి ఆంబోతు గేటును పెరికి నా మీద పడేసింది. తొడ విరిగింది. కదల్లేను."

"ఎక్కడున్నావ్? పాకలోనేనా?"

"దొడ్లో... వానలో."

తర్వాత గరగర. తర్వాత అదీ లేదు.

ఆమె ఫోను చెయ్యని చోటు లేదు. హెలికాప్టరు వాళ్ళు పొగమంచులో ఎగరలేమన్నారు. పడవ వాళ్ళు ఆటుకు నీళ్ళు చాలవన్నారు. తెల్లవారగానే వస్తామన్నారు అందరూ, మర్యాదగానే అన్నారు. తెల్లవారేదాకా ఆ వానలో మనిషి ఉండాలి కదా. నాలుగు చక్రాల బైకు తీసుకుని తనే బయల్దేరితే, అది పావు దూరమైనా పోకుండా మెత్తటి ఇసుకలో కడుపుదాకా కూరుకుపోయింది. ఏడుస్తూ నడిచి వెనక్కి వచ్చింది.

ఒడ్డున క్లెమ్ ముసలాయన నిలబడి ఉన్నాడు. రెజ్‌కు ప్రాణ స్నేహితుడు. నోలీన్‌ను ఎత్తుకు పెంచినవాడు.

"ఇంత వానకు నానాక బరువు బండ్లను ఆ ఇసుక మోయదమ్మాయ్," అన్నాడు. ఆగి, గొంతు తగ్గించి — "మోసే బండి ఒక్కటే ఉంది."

నోలీన్ అతని మొహంలోకి చూసింది. ఏ బండో అడగలేదు.

*

తాడు వదులుతుంటే దూలం మూలిగింది. బండి గిర్రున ఒక చుట్టు తిరిగి, మెల్లగా దిగి, నేలను తాకింది. ఇద్దరూ కాసేపు దాన్ని ముట్టుకోలేదు.

"అమ్మ ఉంటే నిన్ను చంపేది, బాబాయ్," అంది నోలీన్.

"ఉంటే ముందు తనే దింపేది. టార్చి ఇటు పట్టు."

మూడు బెలూన్ టైర్లూ గాలి పోయి చతికిలబడి ఉన్నాయి. రబ్బరు అక్కడక్కడా చిట్లింది గానీ పట్టు వదల్లేదు. కాలి పంపుతో కొంచెమే గాలి కొట్టారు, బొటనవేలితో నొక్కితే లొంగేంత. ఎక్కువ కొడితే ఇసుకలో దిగిపోతుంది. గాలి ఫిల్టరు డబ్బా తెరిస్తే లోపల ఎలుక గూడు. ట్యాంకులో అడుగున మిగిలింది పెట్రోలు కాదు, బెల్లప్పాకం. వొంచి పారబోసి, మోటారు రంపానికి వాడే డబ్బాలోంచి కొత్త పెట్రోలు పోశారు. కార్బురేటరు సన్నపు బెజ్జాలు చేపల గాలం తీగతో పొడిచారు. ఇంజిను స్టార్టు చెయ్యడానికి లాగే తాడు ముట్టుకోగానే పొడిపొడిగా రాలింది. పీతల బుట్ట తాడు ముక్క కోసి చుట్టారు.

"ఇంజిను పట్టేసి ఉంటుంది బాబాయ్. ఉప్పునీళ్ళు తాగిన ఇంజిను, ముప్ఫయ్యేళ్ళు."

క్లెమ్ స్పార్కు ప్లగ్గు విప్పి ఆమె చేతిలో పెట్టాడు. అది జిడ్డుగా ఉంది. తడిగా... నిన్ననే నూనె పోసినట్టు.

నోలీన్ వాసన చూసింది. మటన్‌బర్డ్ నూనె. సముద్రపు పిట్టపిల్లల కొవ్వు నూనె, చిన్నప్పుడు దగ్గొస్తే నాన్న ఛాతీకి రాసే నూనె.

"ఎవరు పోశారు?"

"నేనే," అన్నాడు క్లెమ్, తల ఎత్తకుండా. "బండి దొరికిన రోజే మంచినీళ్ళతో కడిగి ఇంజిన్లో పోశాను. తర్వాత ఏటేటా... మీ అమ్మకు తెలీకుండా. వాడెలాగూ రాడు. వాడి బండైనా తుప్పు పట్టకూడదనుకున్నా."

నోలీన్ ముసలాయన భుజం మీద చెయ్యి వేసి, తీసేసింది.

టార్చి ఆర్పి, ప్లగ్గును ఇంజిను రేకుకు ఆనించి తాడు లాగారు. చీకట్లో సన్నటి నీలి నిప్పురవ్వ... ఉంది. ప్లగ్గు బిగించారు. నోలీన్ తాడు లాగింది. లేదు. మళ్ళీ లాగింది. లేదు. చేతులు బొబ్బలెక్కాయి. బయట ఆటు అయిపోవస్తోంది. పోటు మొదలైతే దారే ఉండదు.

"ఒక్కసారి, నాన్నా," అంది పళ్ళ సందున.

బండి దగ్గింది. తుమ్మింది. డుగ్... డుగ్... డుగ్-డుగ్-డుగ్. షెడ్డంతా తెల్లటి పొగ, వేయించిన పిట్టల వాసన. లైటు ముందు ఎర్రగా, తర్వాత పచ్చగా వెలిగింది.

క్లెమ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నా ట్రక్కు లైట్లు నీ వీపు వెనకే ఉంచుకో. నేనిక్కణ్ణించి కదల్ను," అన్నాడు. తర్వాత గుసగుసగా, "కాలవలో ఏ వెలుగు కనిపించినా... దాని వైపు మాత్రం పోకు."

*

కంబళ్ళు, పొడి బట్టలు, వేడి టీ ఫ్లాస్కు వీపుకు కట్టుకుని నోలీన్ ఇసుకలోకి దిగింది. బండి నిజంగానే ఇసుక మీద తేలిపోతున్నట్టు నడిచింది. కొంతదూరం దాకా వెనక్కి తిరిగి చూస్తే ట్రక్కు లైట్లు కనిపించాయి. తర్వాత రెండూ కలిసి ఒకటయ్యాయి. తర్వాత పొగమంచు ఆ ఒకదాన్నీ మింగింది.

ఇక దిక్కు ఏదీ?

కింద గిట్టల గుంటలు కనిపించాయి. పొద్దున బెవన్ తోలుకుపోయిన మంద అడుగులు. మధ్యలో ఒక పోటు వచ్చిపోయినా ఆ గట్టి బురదలో చెరిగిపోలేదు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మంద నడిచిన చోటు గట్టి నేల. మా వైపు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, నడకతోపాటే వస్తుంది. హ్యాండిలు అటు తిప్పి, గిట్టల వెంబడే పోయింది.

ఆ కంగారులో ఒక్కటి మరిచిపోయింది. ఆవులు ఈదుతాయి. ట్రాక్టరు లోతు లేని చోట చుట్టు తిరిగి దాటుతుంది గానీ, మందకు ఆ బాధ లేదు. ఎదురుగా నీళ్ళుంటే దూకేస్తుంది.

ముందు చక్రం కింద నేల మాయమయింది.

నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి. ఇంజిను ఒక్క గుటక వేసి — ఆగిపోయింది. దాంతోపాటే లైటూ పోయింది.

చీకటి... చప్పుడు లేదు. అలల చప్పుడైనా లేదు.

మునిగిపోతున్నాననుకుంది. మునగలేదు. బండి నీళ్ళ మీద మెల్లగా ఊగుతోంది. కాసేపటికి అర్థమయింది. మూడు టైర్లలో ఉన్న ఆ కాస్త గాలే దాన్ని పైకి పట్టి ఉంచింది. ముప్ఫయ్యేళ్ళ కిందట అది ఒంటరిగా ఇల్లు చేరింది ఇలాగే. నాన్న కూడా గిట్టల వెంబడే వచ్చాడన్నమాట. ఇక్కడే... ఈ చోటే... పట్టు వదిలాడన్నమాట.

అప్పుడు ఏదో ఆమె చీలమండను పట్టుకుంది.

చల్లగా. తోలులా. గట్టిగా చుట్టుకుని కిందికి లాగింది. నోలీన్ చెయ్యి నీళ్ళలోకి దించి తడిమింది. జారుడుగా, వెడల్పుగా, తెగని పటకాలా... సముద్రపు నాచు. పెద్ద నాచు తీగ. ఇరుసుకూ కాలికీ కలిపి చుట్టుకుంది.

ఊపిరి వదిలింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నాచు విప్పుకుంటూనే చీకటితో నెమ్మదిగా అంది.

"నాన్నా... ఇక్కడుంటే విను. నువ్వు రాలేదని నీ మీద నాకు చాలా కోపం ఉండేది. ఇప్పుడు లేదు. బెవన్ చచ్చిపోతున్నాడు. నన్ను పోనీ."

జవాబేమీ రాలేదు. ఏ వెలుగూ కనిపించలేదు. నీళ్ళు మాత్రం నెమ్మదిగా కదిలాయి. పోటు మొదలయింది. అది బండిని ఎటో తీసుకుపోతోంది. వెనక్కో, సముద్రంలోకో, ఆమెకు తెలియదు. చాలాసేపు అలాగే, హ్యాండిలును కౌగిలించుకుని కూర్చుంది. అంత నిశ్శబ్దం ఆమె జన్మలో వినలేదు.

ముందు చక్రం ఇసుకను గీరింది.

దిగి, తోసి, ప్లగ్గు విప్పి చొక్కా లోపలి పొడి గుడ్డతో తుడిచింది. తాడు లాగింది, లాగుతూనే ఉంది. చివరికి డుగ్గుమంది. లైటు వెలగ్గానే ఎదురుగా దీవి కంచె గుంజలు కనిపించాయి.

*

బెవన్ దొడ్లో గేటు కింద పడి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి గానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. నోలీన్ స్విచ్చి ఆపి ఉరికింది. విరిగిన కాలు కదపకుండా గేటు పైకెత్తి, ట్రాక్టరు మీది టార్పాలిన్ తెచ్చి కప్పి, తడి బట్టలు కత్తిరించి, పొడివి చుట్టబెట్టింది. కంబళ్ళలో అతని పక్కనే దూరి, చెంచాడు చెంచాడుగా టీ పట్టింది. చాలాసేపటికి అతనికి వణుకు మొదలయింది. వణికితే బతికినట్టే.

"నిద్రపోకు," అంది. "పొద్దున్నే వస్తామన్నారు. అందాకా నిద్రపోకు."

"పోనివ్వలేదుగా నువ్వు." గొంతు పీలగా ఉంది. "చీకటి పడ్డప్పట్నుంచీ వింటున్నా. డుగ్-డుగ్ మని. అది ఆగితే కళ్ళు మూసేసుకుందామనుకున్నా. ఒక్కసారైనా ఆపలేదు నువ్వు."

చీకటి పడ్డప్పుడు ఆ బండి ఇంకా దూలానికే వేలాడుతోంది. నోలీన్ చెంచా కింద పెట్టింది.

"కాలవ మధ్యలో ఆగింది బెవన్. చాలాసేపు."

"లేదు. అప్పుడే మరీ దగ్గరగా వినిపించింది." అతను చిరాగ్గా తల అటు తిప్పాడు. "చేరావుగా, ఇంక ఆపెయ్. పెట్రోలు దండగ."

ఆమె బండి వైపు చూసింది. లైటు లేదు. వాన చుక్కలు చల్లారిన ఇంజిను మీద పడుతున్నాయి. ఆమె చెవులకు ఆ చుక్కలు తప్ప ఏమీ వినిపించలేదు.

నోలీన్ అతన్ని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఉండనీ," అంది. "తెల్లారేదాకా ఉండనీ. నువ్వు వింటూ ఉండు."