రెండో మీట

1999 నవంబరులో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, పుంగనూరులోని ఒక చిన్న నర్సింగ్ హోంలో జరీనాకి గొంతుగడ్డ ఆపరేషన్ మొదలైంది. మత్తు ఇచ్చే డాక్టర్ సుష్మ మదనపల్లె నుంచి బస్సులో తడుస్తూ వచ్చింది. గాజుల అంగడి జరీనాకి ఉబ్బసం. పూర్తి మత్తు ఇస్తే ఊపిరి మళ్ళీ అందుకుంటుందన్న నమ్మకం లేదు.

అందుకే సర్జన్ మునిచంద్ర తన కరెంటు సూదుల పెట్టె తీశాడు. అరచేతి వెనక ఒక సూది, ముంజేతిలో ఒక సూది గుచ్చి సన్నగా కరెంటు పారిస్తే నొప్పి మందగిస్తుంది, మత్తుమందు సగంతో సరిపోతుంది. ఆయనకు ఆ పెట్టె మీద ఉన్న ప్రేమ పెళ్ళాం మీద కూడా లేదని ఆస్పత్రిలో వేళాకోళం. సుష్మ కూడా నవ్వేది. ఇవాళ మాత్రం ఆ పెట్టే దిక్కు.

పెట్టెకి రెండు మీటలు, రెండు జతల తీగలు. ఒక జత జరీనా చేతికి పెట్టారు. రెండోది ఖాళీగా బల్ల అంచున వేలాడుతోంది.

స్పిరిట్ వాసన. రేకుల మీద వాన. మాట పలికించే నరం తెగకుండా చూసుకోవాలి కాబట్టి, మునిచంద్ర కోస్తూనే ఆమెను మాట్లాడిస్తున్నాడు.

"నొప్పుందా అమ్మా?"

"లేదు సార్..." జరీనా గుసగుసలాడింది. "పక్కన ఎవురో ఏడస్తాండారు. పాపం, సానా నొప్పంట."

పక్కన గోడ తప్ప ఏమీ లేదు. మత్తులో మాటలే అనుకుని సుష్మ పెట్టె వైపు చూసింది. రెండో మీట దగ్గర ఎర్రలైటు వెలుగుతోంది. తీగలు మనిషి ఒంటికి తగిలితే తప్ప వెలగని లైటది. తీగల కొసలు గాల్లోనే ఉన్నాయి... వణుకుతున్నాయి.

ఆలోచించకుండా ఆ మీట ఆపేసింది.

జరీనా బల్ల మీద ఎగిరిపడింది. "యా అల్లా!" రక్తం చిమ్మింది.

"కదలనీయొద్దు! కత్తి గాలిగొట్టం మీదుంది! మందు పెంచు సుష్మా!"

"పెంచితే ఊపిరాగిపోతుంది సార్!"

మొదటి మీట పెంచి చూసింది. లాభం లేదు. జరీనా పెదాలు నీలంగా మారుతున్నాయి. బల్ల ఎక్కే ముందు "బిడ్డలు సిన్నోళ్ళు మేడమ్" అని ఏడ్చిన మనిషి. ఇంకొక్కసారి కదిలితే... అంతే.

సుష్మ రెండో మీట తిప్పింది.

లైటు వెలిగింది. జరీనా ఒళ్ళు సడలింది. వాన చప్పుడు కింద, సన్నగా... ఒక మూలుగు. ఈసారి సుష్మకీ వినిపించింది. ఎవరో ఆడమనిషి. పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటోంది. ఓర్చుకోలేకపోతోంది. సుష్మకి జాలేసింది. భయమేసింది. అయినా ఆపలేదు. ఇంకొంచెం పెంచింది.

కుట్లు పడేదాకా ఆ తీగలు వణుకుతూనే ఉన్నాయి.

సాయంత్రం బస్సుకి బయల్దేరుతూ సుష్మ వార్డులోకి తొంగిచూసింది. జరీనా మేలుకునే ఉంది. ఆమెను ప్రాణంతో చూసేసరికి సుష్మకి కళ్ళు చెమర్చాయి. మంచం మీద కూర్చుంది.

"ఎట్లుండావమ్మా?"

"బతికించినారు మేడమ్." గొంతు బొంగురుగా ఉంది. "ఆయమ్మే... ఏడుపు నిలిపేసినాక నా చెవి కాడికొచ్చి అడిగింది."

"ఎవరు? ఏమడిగింది?"

"బటన్ తిప్పిందెవురని."

సుష్మ ముందుకు వంగింది. "నువ్వేం చెప్పినావు?"

"నోరు పెగల్లేదు మేడమ్. మిమ్మల్ని సూపించినా." జరీనా ఆమె కుడిచేతి వైపు చూసి, ఎంతో మామూలుగా అంది. "అప్పట్నించీ ఆయమ్మ మీ చెయ్యి ఇడిసిపెట్టలేదు కదా..."