ఎడమ తలుపులో చప్పుడు

"ఆ చెవులు మీవేనా, ఎవరి దగ్గరన్నా అరువు తెచ్చుకున్నారా?"

కార్లకి స్పీకర్లు బిగించే ఆ షాపు పాటతో దద్దరిల్లుతోంది. అతనికి ఆ మాట సగమే వినపడింది. పాట తగ్గించి వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ఒకామె ఒక చేత్తో చెవి మూసుకుని, రెండో చేత్తో ఫోను సైజు మీటరొకటి చాచి పట్టుకుని, దొంగను పట్టుకున్నదానిలా నిలబడి ఉంది.

"నూట రెండు," అంది.

"నూట రెండా? జ్వరమాండీ?"

"మీ షాపు శబ్దం. రోజూ ఇందులో కూర్చుంటే నలభై ఏళ్ళు వచ్చేసరికి పెళ్ళాం పిలిచినా వినపడదు."

"పెళ్ళాం లేదండీ."

"అయితే బాధే లేదు. పిలిచేవాళ్ళే లేరు."

అనడం అనేసింది గానీ, ఆ మాట తనకే ఎక్కడో తగిలినట్టుంది. మీటరు బ్యాగులో పడేసి, గోడకి వేలాడుతున్న వైర్ల చుట్టల్ని కాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఆమె చెవి పరీక్షలు చేసే క్లినిక్‌లో పనిచేస్తుంది. బయట ఆగి ఉన్న చిన్న కారు ఆమెదే.

"నాకు రెండే కావాలి. రోడ్డు చప్పుడు లోపలికి రాకూడదు. పాట నెమ్మదిగా పెట్టుకున్నా మాట మాటా తెలియాలి. గుండెల మీద గుద్దే బాక్సులు మాత్రం వద్దు."

"ఒక్కటండీ, సీటు కింద, చాలా చిన్నది..."

"వద్దన్నానా?"

"వద్దు," అన్నాడు అతను బుద్ధిగా.

ఓనరు కౌంటరు వెనక నవ్వు ఆపుకున్నాడు. ఆ రోజు నుంచి షాపులో ఆమె పేరు చెవుల మేడమ్.

అతనికీ అక్కడ ఒక పేరుంది. రోలరు. కారు తలుపుల లోపలి రేకుకి నల్లటి జిగురు షీట్లు అంటించి, చిన్న చక్రం ఉన్న పిడితో గాలిబుడగ మిగలకుండా రుద్దడం అతని పని. రుద్దకముందు ఆ రేకు మీద వేలితో కొడితే ఖంగుమంటుంది. రుద్దాక దిండు మీద కొట్టినట్టు ఉంటుంది. పన్నెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కార్లకి నోళ్ళు మూయిస్తున్నాడు.

ఇంటికి వెళ్తే అన్న, వదిన, ఇద్దరు పిల్లలు, ఆగకుండా మోగే టీవీ. అందరూ మంచివాళ్ళే. అతనితో అనే మాటలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "మోటారు కట్టేశావా?" "గేటు గొళ్ళెం పెట్టావా?" "కాస్త కాళ్ళు పైకి పెట్టు, ఊడుస్తాను." వాటికి జవాబు కూడా అక్కర్లేదు. పని చేస్తే చాలు.

ఆమె కారుకి రెండు రోజులు పట్టింది. సీట్లు విప్పాడు, కార్పెట్ లేపాడు. నేలకీ, పైకప్పుకీ, నాలుగు తలుపులకీ షీట్లు వేసి, వాటి మీద స్పాంజి పరిచాడు. పాత మ్యూజిక్ సెట్టు తీసి కొత్తది పెట్టాడు, ముందు తలుపుల్లో కొత్త స్పీకర్లు బిగించాడు. చివర్లో ఎడమవైపు ముందు తలుపుకి లోపలి ప్లాస్టిక్ చెక్క నొక్కుతుంటే, దాన్ని పట్టి ఉంచే తెల్ల క్లిప్పుల్లో ఒకటి పుటుక్కున విరిగింది. డబ్బాలో ఆ సైజువి అయిపోయాయి. ఆమె అప్పటికే వచ్చి బయట నిలబడి ఉంది. తొమ్మిదింట్లో ఒకటి లేకపోతే ఏమైందిలే అనుకున్నాడు. పన్నెండేళ్ళలో అలా అనుకోవడం అదే మొదటిసారి.

ఆమె కారులో కూర్చుని తలుపు వేసుకుంది. పాట పెట్టలేదు. అద్దంలోంచి చూస్తే కళ్ళు మూసుకుని ఉంది. ఐదు నిమిషాల తర్వాత అద్దం దించి, "బావుంది," అంది. "మరీ బావుంది. నా ఊపిరి కూడా నాకు వినపడుతోంది."

మెచ్చుకుందో, ఫిర్యాదు చేసిందో అతనికి అర్థం కాలేదు.

మరుసటి శనివారం మధ్యాహ్నం, క్లినిక్ కట్టేశాక మళ్ళీ వచ్చింది.

"ఎక్కడో టిక్కుటిక్కుమంటోంది. ఎడమవైపనిపిస్తోంది. నడుపుతూ వెతకలేకపోతున్నా."

"పెద్ద చప్పుళ్ళు పోయాయి కదండీ, ఇప్పుడు చిన్నవి బయటపడతాయి. మీరు నడపండి. నేను పక్కన కూర్చుని పట్టుకుంటాను."

అతను సీట్లో కూర్చోగానే డాష్‌బోర్డులోంచి టింగు టింగుమని గంట మొదలైంది. ఆమె ఉలిక్కిపడింది.

"ఇదేంటి? ఏం కదిపారు?"

"నేనేం కదపలేదండీ. ఈ సీట్లో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే మోగుతుంది."

"అలాగా," అంది. ఆ సీటు వైపు చూసి, "కారు కొని నాలుగేళ్ళయింది. ఇప్పుడే వింటున్నా," అంది.

అతను బెల్టు పెట్టుకున్నాడు.

మొదటి మలుపు తిరిగేసరికే టిక్కుమన్నది వినపడింది. అతని మోకాలి పక్కనే, తలుపు కింది మూల, క్లిప్పు లేనిచోట. సిగ్గుతో ముఖం వేడెక్కింది. చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"వినపడిందా?" అంది ఆమె. అని తనే నవ్వింది. "చూశారా, సెలవు పూటా అదే మాట. రోజంతా జనాన్ని అడిగేది అదే. వినపడిందా, వినపడితే బటన్ నొక్కండి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నేను మాట్లాడుతూనే ఉంటా. నాతో ఎవరూ మాట్లాడరు. బటన్ నొక్కుతారు."

చెప్పేస్తే షాపు దగ్గర రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఆమె ఇటు రావాల్సిన అవసరమే ఉండదు.

"లేదండీ," అన్నాడు అతను. "నాకేం వినపడలేదు. ఇంకొంచెం దూరం వెళ్దాం."

ఆ రోజు ఊరి చివరి వంతెన దాకా వెళ్ళొచ్చారు. ఆ సోమవారమే అతను స్పేర్ పార్టుల షాపుకి వెళ్ళి క్లిప్పు కొన్నాడు. కొని చొక్కా జేబులో వేసుకున్నాడు. చొక్కాలు మారినా అది జేబులోనే ఉండిపోయింది.

రెండో శనివారం టిక్కు ఇంకా గట్టిగా వచ్చింది. అతను ముందుకు వంగి, సీటు కిందికి, అద్దం దగ్గరికి, వెనక్కి చెవి పెట్టి, పెద్ద డాక్టరులా తల అడ్డంగా ఊపాడు.

ఆమె అతనివైపు అదోలా చూసింది. "మీరు ఫోను ఏ చెవికి పెట్టుకుంటారు?"

"కుడిచెవికండీ. ఎందుకు?"

"ఊరికే. నిద్ర బాగా పడుతుందా?"

"ఈ మధ్య పట్టట్లేదండీ," అన్నాడు అతను. మొదటిసారి నిజం చెప్పాడు.

ఆ ప్రశ్నలు మోసుకుని ఇంటికి వెళ్ళాడు. అతను ఎలా నిద్రపోతాడో ఒక మనిషి అడిగి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు.

మూడో శనివారం ఆమె పూర్తిగా మారిపోయింది. మాట్లాడేముందు అతని చొక్కా చేతిని వేలితో తాకేది. కారు ఆపి, అతనివైపు పూర్తిగా తిరిగి, ముఖంలోకి చూస్తూ మాట్లాడింది. ఆ గడగడా మాట్లాడే మనిషి ఒక్కో మాటా పేర్చినట్టు, నెమ్మదిగా. "మీ... ఇంట్లో... ఎవరెవరు... ఉంటారు?" అతను చెప్తుంటే కళ్ళు తిప్పకుండా వింది. షాపు ముందు దింపాక, మళ్ళీ చేతిని తాకి అంది. "వచ్చే శనివారం మీరే క్లినిక్‌కి రండి. మీకో మాట చెప్పాలి. ఇలా కారులో చెప్పేది కాదు."

నాలుగో శనివారం పొద్దున అతను చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే వదిన తలుపు దగ్గర ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇవాళ ఎవరి కారుకి పెళ్ళి?"

"ఊరుకో వదినా."

"కాలరు రెండుసార్లు రుద్దావు. మీ అన్న పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు ఒకసారే రుద్దుకొచ్చారు." అంతలో లోపల టీవీలో ఏదో గోల మొదలైంది. వదిన అటు వెళ్ళిపోయింది.

క్లినిక్‌లో అప్పటికే కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఆమె తెల్ల కోటులో ఎదురొచ్చి, అతన్ని ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళింది. గోడల నిండా స్పాంజి. చెయ్యంత మందం తలుపు. ఒక కుర్చీ, గోడలో ఒక అద్దాల కిటికీ. అతను కుర్చీలో కూర్చున్నాడు. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో ఆ గదిలో బాగా తెలిసింది.

ఆమె అతని చేతిని తాకింది. ముఖంలోకి చూసింది.

"భయపడకండి. ఈ రోజుల్లో... దీనికి... చాలా మంచి మిషన్లు వచ్చాయి. ముందు... ఎంత తగ్గిందో చూద్దాం."

"ఏం తగ్గిందండీ?"

"వినికిడి."

హెడ్‌ఫోన్లు అతని తలకి తగిలించి, చేతిలో బటన్ పెట్టి, తలుపు వేసి వెళ్ళింది.

అతనికి అప్పుడు ఒక్కొక్కటే అర్థమైంది. ఏ చెవికి ఫోను పెట్టుకుంటారు. నిద్ర పడుతుందా. చేతిని తాకడం, ముఖం ఎదురుగా పెట్టి నెమ్మదిగా పలకడం. వినపడనివాళ్ళతో అలా మాట్లాడతారు. రోజుకి పాతికమందితో ఆమె అలాగే మాట్లాడుతుంది. ఆ శ్రద్ధంతా తన చెవులకి, తనకి కాదు. అవి కూడా తను అబద్ధమాడి చెడగొట్టిన చెవులు.

చెవిలో సన్నగా ఒక కూత వచ్చింది.

బటన్ నొక్కకపోతే సరి. ఇంకో పరీక్ష అంటుంది, మిషను అంటుంది, నెలకోసారి రమ్మంటుంది. చేతిని తాకుతుంది. జన్మంతా అలా గడిచిపోతుంది. అద్దానికి అవతల ఆమె మీటల మీద వేళ్ళు పెట్టి తల వంచుకుని ఉంది. కింది పెదవి పళ్ళతో పట్టుకుని, అతను ఓడిపోతాడేమోనని తను భయపడుతోంది.

ఆ ముఖం చూశాక ఇక అబద్ధం ఆడలేకపోయాడు. నొక్కాడు.

ఇంకా సన్నటి కూత. నొక్కాడు. దోమ రొద కంటే తక్కువది. నొక్కాడు. ఉందో లేదో తెలియనిది. అదీ నొక్కాడు.

ఆమె కాగితం పట్టుకుని దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఏమీ లేదు! చూడండి ఈ గీత, ఎంత తిన్నగా ఉందో! ఆ షాపులో పన్నెండేళ్ళు కూర్చుని కూడా..." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. "మరి కారులో?"

"వినపడిందండీ. మొదటి మలుపులోనే. నేనే ఒక క్లిప్పు పెట్టకుండా వదిలేశాను."

"మరెందుకు..."

"చెప్తే మీరు మళ్ళీ రారు కదా."

ఆమె కాగితం మడిచింది. ఇంకోసారి మడిచింది.

"రెండు వారాలుగా అన్నం సహించలేదు నాకు," అంది. నెమ్మదిగా కాదు, తన మామూలు గొంతుతో. "రోజూ ఎంతమందికో చెప్తా, మీ చెవులు పోయాయని. చెప్పడం నాకు చేతనవును. మీకెలా చెప్పాలో మాత్రం చేతకాలేదు. అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకున్నాను, తెలుసా? మీరేమో అక్కడ కూర్చుని తల అడ్డంగా ఊపుతున్నారు!"

"తప్పయింది."

"తప్పే."

అతను లేచాడు. జేబులోంచి క్లిప్పు తీసి చూపించాడు. "తాళం ఇవ్వండి. రెండు నిమిషాల పని. చేసి వెళ్ళిపోతాను."

ఆమె అతనివైపు చూడకుండా తాళం బల్ల మీద పెట్టింది.

క్లినిక్ వెనక కారు ఒక్కటే ఉంది. అతను నేల మీద మోకాళ్ళూని, చెక్క మూల కాస్త లేపి, క్లిప్పు దూర్చి, అరచేత్తో నొక్కాడు. టక్కుమంది. నాలుగు వారాలు ఆపుకున్న పని అంతలో అయిపోయింది. లేవబుద్ధి కాక అక్కడే ఉండిపోయాడు.

"ఎక్కండి," అంది ఆమె వెనకనుంచి. కోటు విప్పేసి వచ్చింది. "సరిగ్గా చేశారో లేదో నాకెలా తెలుస్తుంది? మీ మాట నమ్మే రోజులు అయిపోయాయి."

ఆమె మళ్ళీ వంతెన దారే పట్టింది. గతుకుల మీద కూడా కారు కిమ్మనలేదు. ఆమె రోడ్డు వైపే చూస్తోంది. తనవైపు తిరిగి మాట్లాడే ముఖం ఇక లేదని అతనికి తెలిసింది. తను చేసిన పనులన్నిటిలోకెల్లా ఇంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. ఇంత బాధపెట్టిందీ లేదు. గుటక వేస్తే అదీ వినపడుతుందేమోనని ఆపుకున్నాడు.

వంతెన దాటి ఆమె కారు పక్కకి ఆపింది.

"చప్పుడు లేదు," అంది.

"లేదండీ."

"అంటే ఇంక మీకు నాతో పని లేదు."

"పని లేదు." అతను బెల్టు పట్టుకుని కూర్చున్నాడు. ఈ మాట అనడానికి ఇక ఏ సాకూ మిగల్లేదు. "పని లేకపోయినా వచ్చే శనివారం రావాలని ఉంది. మీరు అలా చేయి తాకక్కర్లేదు. నెమ్మదిగా మాట్లాడక్కర్లేదు. అదంతా మీ ఉద్యోగమని ఇవాళే తెలిసింది."

ఆమె స్టీరింగు మీద గోటితో గీతలు గీసింది.

"పేషెంట్లతో నెమ్మదిగా మాట్లాడటం ఉద్యోగం," అంది చివరికి. "శుక్రవారం నుంచే మీకేం చెప్పాలా అని మాటలు పోగేసుకోవడం ఉద్యోగం కాదు. పోయిన వారం సగం మాటలు మిగిలిపోయాయి. నెమ్మదిగా చెప్పాల్సి వచ్చింది కదా, టైము చాలలేదు."

అతను ఆమె వైపు తిరిగాడు. "ఏ మాటలు?"

"పిచ్చి మాటలు. మా ఇంటి ఓనరావిడతో డాబా మీద కుళాయి గొడవ. మా అమ్మ ఫోన్లో నాతో కంటే పక్కింటివాళ్ళతోనే ఎక్కువ మాట్లాడటం. ఓ తాతగారు బటన్ నొక్కుతూ నొక్కుతూ నిద్రపోయారు, నేను పావుగంట ఎదురుచూశాను. ఇవన్నీ ఎవరికి చెప్పను?"

"ఎందుకు లేపలేదు?"

"ఆ గదిలో నిద్రపట్టిన మనిషిని లేపుతారా ఎవరన్నా? ఇంట్లో పడుకోనివ్వరట ఆయన్ని. కోడలు చెప్పింది తర్వాత. ఆవిడ ఇంకో రకం, వినండి..."

అడ్డం పడేవాళ్ళు లేక ఆమె కోడలి సంగతి నుంచి కుళాయి గొడవ దాకా గడగడా చెప్పుకుపోయింది. షీట్లు వేసిన పైకప్పు మీద వాన మొదలైన సంగతి, ముందు అద్దం మసకబారేదాకా ఇద్దరికీ తెలియలేదు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. తలుపు తీసుకుని దిగిపోతాడేమో అన్నట్టు ఒకసారి చూసింది.

"తర్వాత?" అన్నాడు అతను. "కుళాయి గొడవ దగ్గర ఆపేశారు."