వీపు వెనక పాట

ఆ ఇంట్లో ఆదివారం పొద్దున్నే పాటతో, ఆ వెంటనే పోట్లాటతో మొదలైంది. తండ్రి గోడలు అదిరేలా రికార్డు పెట్టాడు, కొడుకు నిద్ర లేచి నిప్పులు చెరిగాడు. ఇద్దరికీ ఏడాదిగా ఉప్పూ నిప్పే. పాటలు రికార్డుల మీద వినాలా, సీడీల మీద వినాలా అన్నదే వాళ్ళ తగువని తెలిస్తే బయటివాళ్ళు నవ్విపోతారు.

తండ్రి ముప్పై అయిదేళ్ళు అచ్చాఫీసులో యంత్రాల పక్కన నిలబడి పనిచేసి రిటైరయ్యాడు. రెండు బీరువాల నిండా ఉన్న రికార్డులే ఆయన ప్రాణం. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే కొడుకు, ఆయన రిటైరైన రోజున ఆ పాటలవే సీడీలు వెతికి వెతికి కొని, ప్లేయరుతో సహా చేతిలో పెట్టాడు. ముసలాయన వారం తిరక్కుండానే "రేకు గొంతు" అని వాటిని అటకెక్కించాడు. కొడుకు దాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇప్పుడు కోడలికి నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకు ఆ బీరువాలున్న గది కావాలి. ముసలాయన మాత్రం బీరువాల మీద చెయ్యి వెయ్యనివ్వడు.

"ఆ గరగర నీకు సంగీతమా? సీడీలో పాడేవాళ్ళ ఊపిరి కూడా వినిపిస్తుంది. నీది ఇష్టం కాదు నాన్నా, ఉత్త పంతం" అన్నాడు కొడుకు, మొహం మీదే.

"అయితే పంతమే అనుకో."

తాడో పేడో తేల్చేద్దామన్నాడు కొడుకు. తండ్రి వెనక్కి తిరిగి కూర్చోవాలి. ఒకే పాటను తను రెండు విధాలా పెడతాడు. ఏది ఏదో చెప్పగలిగితే రికార్డులు ఉంటాయి, లేకపోతే రేపే బండెక్కుతాయి. తల్లి వద్దు వద్దంటూనే ఉంది, ఆవిడ మాట వినే ఓపిక ఎవరికీ లేదు. తండ్రి మొహం గంటు పెట్టుకుని కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. పెట్టగానే భుజం తట్టమన్నాడు.

మొదట రికార్డు మోగింది. కాసేపటికి తండ్రి అది రికార్డేనన్నాడు. కొడుకు పళ్ళు నూరుకుంటూ సీడీ పెట్టి, భుజం తట్టాడు. సీడీ తిరుగుతోంది కానీ పాట రాలేదు. ఆంప్లిఫయర్ మీట ఇంకా రికార్డు వైపే ఉంది, తొందరలో దాన్ని మార్చడం మరిచిపోయాడు. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. సర్దుదామని చెయ్యి చాపేలోగా తండ్రి విసుక్కున్నాడు.

"చాలు, ఆపు. ఇది నీ సీడీ. చెవిలో రేకు గీసినట్టుంది."

కోడలు నవ్వబోయి, అత్తగారి మొహం చూసి ఆగిపోయింది. కొడుకు వెనకనుంచి పిలిచాడు. మళ్ళీ, ఇంకా గట్టిగా పిలిచాడు. ముసలాయన గోడనే చూస్తూ, "ఓడిపోయావుగా, మాట్లాడవేం?" అన్నాడు.

కొడుకు తల్లివైపు తిరిగాడు. తల్లి కళ్ళు ఒత్తుకుంటూ ఉన్నమాట చెప్పేసింది. అచ్చాఫీసు మోత ఆయన చెవుల్ని తినేసి నాలుగేళ్ళయింది. ఎదురుగా నిలబడితే పెదాలు చూసి మాట అందుకుంటాడు. కొడుక్కి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

తండ్రి ఇటు తిరిగి అందరి మొహాలూ చూశాడు. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

"రికార్డు తిరుగుతుంటే కనిపిస్తుందిరా" అన్నాడు మెల్లగా. "ముల్లు ఎక్కడుందో చూస్తే పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. మిగతాది నాకు కంఠతా వచ్చు, లోపల్లోపల పాడుకుంటాను. నీ ప్లేయరులో పెడితే మూత పడిపోతుంది. ఇక నాకేం మిగులుతుంది?"

పిలిస్తే పలకని పొగరుబోతని ఆయన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నాడో కొడుక్కి గుర్తొచ్చింది. ఎవరికి చూపు ఆనడం లేదో దుకాణం గడపలోనే కనిపెట్టే తను, సొంత తండ్రిని నాలుగేళ్ళుగా గమనించనే లేదు. సిగ్గుతో కుంగిపోయాడు. తండ్రి ఎదుట మోకాళ్ళ మీద కూలబడి, వెక్కుతూ వెక్కుతూ ఏదో అన్నాడు.

ముసలాయన ముందుకు వంగి అతని గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

"ఏడుపు ఆపి చెప్పరా. పెదాలు ఇలా వణికితే నాకు అర్థం కాదు."