విలన్ ఇంటికెళ్లి పడుకున్నాడు

ఆమె లోపలికి వచ్చి, ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి డిటెక్టివ్ బల్ల మీద పెట్టింది.

“నా విలన్‌ని ఎవరో మంచివాణ్ణి చేసేస్తున్నారండీ,” అంది.

రాసుకుంటున్న అసిస్టెంటు తల ఎత్తాడు. పదకొండేళ్లుగా ఈ గదిలో హత్యల గురించి విన్నాడు, పారిపోయిన అల్లుళ్ల గురించి విన్నాడు, ఈ రకం ఫిర్యాదు మాత్రం వినలేదు. డిటెక్టివ్, పాలు విరిగాయన్న కబురు విన్నంత మామూలుగా, “ఎప్పట్నుంచి?” అన్నాడు.

ఆమె రచయిత్రి. ఉద్యోగం మానేసి మూడేళ్లుగా తెర మీద చదువుకునే ఆట-కథ ఒకటి రాస్తోంది. ప్రతి పేజీ కింద రెండు దారులుంటాయి. చదివేవాడు ఏది నొక్కితే కథ అటు నడుస్తుంది. కథానాయకుడు ఒక లాడ్జి మేనేజరు, పరమ కిరాతకుడు. దిగినవాళ్లను ఒక్కొక్కరినే మర్యాదగా పైలోకానికి పంపిస్తుంటాడు. ఇప్పుడు ఆ రెండు దారుల కింద ఎవరో మూడోది చేర్చారు: ‘ఈ పని మానుకుంటాను.’ అది నొక్కితే విలన్ ఇంటికెళ్లి పడుకుంటాడు. ఆట అక్కడితో సరి.

“మొన్న ఒక్కటీ లేదు. ఇవాళ డెబ్బై ఒక్క చోట్ల. తీసేస్తాను సరే, మళ్లీ పెడితే? సాయంత్రం ఆరింటికి పబ్లిషరుకి పంపకపోతే ఒప్పందం రద్దు. మూడేళ్లు నేలపాలు.”

కథలోకి వెళ్లి మార్చగలిగేవాళ్లు ఇంట్లో ముగ్గురు. భర్త బొమ్మలు వేస్తాడు. మరిది ప్రోగ్రాం రాస్తాడు. జైలరుగా రిటైరైన బాబాయి ప్రతి దారీ నడిచి చూసి, అచ్చుతప్పులు దిద్ది, పుస్తకంలో టిక్కు పెడతాడు.

గంటలో అందరూ రచయిత్రి ఇంట్లో ఉన్నారు.

“చెడగొట్టాలంటే నాకు ఒక్క లైను చాలు సార్, మొత్తం రెండువందల పన్నెండు పేజీల్లోనూ పడుతుంది,” అన్నాడు మరిది. “పేజీ పేజీకీ వెళ్లి చేర్చే ఓపికే ఉంటే నన్ను వదిన ఇన్ని తిట్లు తిట్టదు.”

భర్త దాచుకోలేదు. “ఆగిపోతే నాకు హాయే. అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, ఏ విషం ఎంతసేపట్లో పనిచేస్తుందో చెబుతుందండీ.”

బాబాయి పుస్తకం చూపించాడు. రెండువందల పన్నెండు టిక్కులు.

“అన్నీ చూశారా?” అన్నాడు డిటెక్టివ్.

“చూడకుండా పెడతానా?” అని ఆయన కళ్లజోడు తుడుచుకోవడంలో పడ్డాడు.

డిటెక్టివ్ అసిస్టెంటును తెర ముందు కూర్చోబెట్టాడు. “ఏమోయ్, నీకు చేతనైనంత దుర్మార్గంగా ఆడు.”

అసిస్టెంటు ఆడాడు. మూడో దారి ఎక్కడా తగల్లేదు. పైగా విషం తాగి పోయిన డాక్టరు తర్వాతి పేజీలో వచ్చి, తన శవం నాడి తనే చూసి, ప్రాణం లేదని సంతకం పెట్టాడు. ఆ సంగతి చెబితే డిటెక్టివ్ పేజీ నంబరు అడిగి ఊరుకున్నాడు.

“ఇప్పుడు మెత్తగా ఆడు. ఉన్న రెండింట్లో తక్కువ పాపం నొక్కు.”

మూడో పేజీలోనే మూడో దారి ఎదురైంది. ఆ తర్వాత ప్రతి పేజీలోనూ అదే. అసిస్టెంటుకు ఒళ్లు మండింది. మధ్యాహ్నం దాటిపోతోంది, ఈయన కిటికీలోంచి చూస్తున్నాడే తప్ప నోరు విప్పడు.

నాలుగింటికి అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు.

“మరిదిగారైతే అన్ని పేజీల్లోనూ పడేది. భర్తగారైతే మొదటి పేజీలోనే పెట్టేవారు, ఎవరూ ముందుకే పోకుండా. ఇది పెట్టినవాళ్లు ఆడుకుంటూ వెళ్లారు. ప్రతిచోటా తక్కువ పాపం వెతుక్కున్నారు. అదీ చేయలేక ఆగిన చోటల్లా మూడోది చేర్చుకున్నారు. అటువైపు డెబ్బై ఒక్క పేజీలున్నాయి. మిగతా సుమారు నూట నలభై వాళ్లు తొక్కనే లేదు. తొక్కి ఉంటే, తన శవాన్ని తనే పరీక్షించుకునే డాక్టరు కనబడేవాడు. ఆ పేజీకి ఈ పుస్తకంలో టిక్కు ఉంది. పక్కన ‘బాగుంది’ అని కూడా ఉంది.”

అందరూ బాబాయి వైపు తిరిగారు. రచయిత్రి మొహం ఎర్రబడింది.

“నువ్వా బాబాయ్? ఒక్క మాట చెబితే ఏం పోయింది?”

“ఏమని చెప్పనే? ఇరవై ఎనిమిదేళ్లు తాళాలు వేశాను. లోపలికొచ్చిన ప్రతివాడూ, నాకు వేరే దారి కనబళ్లేదు సార్ అనేవాడు. నువ్వూ రెండే పెట్టావు. నాకు వేలు ఆడలేదు. టిక్కులు మాత్రం తప్పే.”

“అంటే నూట నలభై పేజీలు ఇంతవరకూ ఎవరూ చూడలేదు,” అంది రచయిత్రి.

మరిది మూడో దారులన్నీ ఒక్క దెబ్బతో తీసేశాడు. భర్త తన కంప్యూటరు తెరిచి, “సగం నాకివ్వు,” అన్నాడు విసుగ్గానే. అసిస్టెంటు చొక్కా చేతులు మడిచాడు.

రచయిత్రి ఇంకో ల్యాప్‌టాప్ తెచ్చి బాబాయి ఒళ్లో పెట్టింది. గడియారంలో నాలుగున్నర.

“నొక్కు.”

“అమ్మాయ్—”

“నొక్కు బాబాయ్. టైం లేదు.”

ఆయన కళ్లు మూసుకుని నొక్కాడు. తెరిచి, తెర మీదున్నదంతా చివరిదాకా చదివాడు.

“పోయాడు,” అన్నాడు.

“ఆట ఎక్కడా ఆగలేదుగా?”

“లేదు.”

“టిక్కు పెట్టి తర్వాతవాణ్ణి చూడు.”