దాపటెద్దు కాలిలో మేకు

1965 మార్చి 11. ఉదయం ఏడూ పది.

నాయుడుపేట శివార్లలో చెంచురామయ్య కొట్టం ముందు, బండికి ఎడమవైపు కట్టే దాపటెద్దు చచ్చి పడి ఉంది. గిట్టలకు కొత్త లాడాలు. వాటి నిండా పసుపు. దాని జోడెద్దు మేత ముట్టకుండా పక్కనే నిలబడి ఉంది.

లాడాలు కొట్టిన ఇమామ్ సాహెబ్‌ను కానిస్టేబుల్ రెక్క పట్టుకుని నిలబెట్టాడు. అరవై ఏళ్ళ మనిషి. మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకే నేరానికి సాక్ష్యమన్నట్టు జనం చూస్తున్నారు. భయపడటం ఎప్పటి నుంచి నేరమైందో మరి!

"మేకు మాంసంలోకి దించినాడు సార్," అన్నాడు చెంచురామయ్య. "రాత్రంతా కుంటి కుంటి చచ్చింది. గొడ్లను హింసిస్తే శిక్షని కొత్త చట్టం వచ్చింది గదా! తోయండి జైల్లోకి."

"ఇంక లాడాలు కొట్టమని ఈ సాయిబుకు ఎద్దునెవరిస్తారు?" అన్నారెవరో.

ఎస్.ఐ. మస్తానయ్య ఎద్దు దగ్గర గొంతుకూర్చుని గిట్టల అడుగు చూశాడు. ముందుకాలికి ఒక మేకు ఏటవాలుగా లోపలికి దిగి ఉంది.

"ఈ మేకు నీదేనా?"

"నాదే సార్," అన్నాడు ఇమామ్ సాహెబ్. "ఊడితే కొట్టుకోమని రెండు మేకులు ఇచ్చిపోతా ఎప్పుడూ. ఇది నేను కొట్టలా. జైలంటే బయంగా ఉండాది సార్!"

"లాడాలు ఎన్నింటికి కొట్టావు?"

"నిన్న సాయంత్రం అయిదింటికి."

మస్తానయ్య ఇటు తిరిగాడు. "తర్వాత బండి కట్టావా, చెంచురామయ్యా?"

"లేదు సార్. కొట్టంలోనే ఉండె."

"ఎప్పుడు చచ్చింది?"

"తెల్లారి అయిదుంబావుకి."

"పసుపు ఎవరు రాశారు?"

చెంచురామయ్య భార్య గురవమ్మ గుంజ చాటు నుంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"నేనే సామీ. పానం పోంగానే కాళ్ళు కడిగి రాసినా. బిడ్డ మాదిరి పెంచుకున్నా."

"తర్వాత దీని దగ్గర ఎవరున్నారు?"

"నేను లోపలికి పోయినా. ఈయనొక్కడే ఉన్నాడు."

చెంచురామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అందరూ దగ్గరికి రండి," అన్నాడు మస్తానయ్య. "మేకుల తలలు చూడండి. అన్నిటికీ పసుపు అంటింది. ఈ ఒక్కటే తళతళలాడుతోంది. అంటే గురవమ్మ పసుపు రాసేటప్పటికి ఇది లేదు. చుట్టూ నెత్తురు మరక కూడా లేదు. చచ్చిన కాలికి కొట్టిన మేకు ఇది."

జనం ఒక్కొక్కరే వంగి చూశారు.

మస్తానయ్య జోడెద్దు మెడ మీద చెయ్యి వేశాడు. అది బెదిరి వెనక్కి తగ్గింది. కాడి ఒరుసుకుని తోలు లేచిపోయింది, పుండు ఇంకా పచ్చిగానే ఉంది.

"గడ్డివాము వెనక ఉప్పు బండి చూసే వచ్చాను. రెండు బళ్ళ బరువు ఒక్క బండికి వేసి, బస్తాల మీద ముద్ర ఉన్న దొరవారిసత్రం నుంచి రాత్రంతా తోలి దీన్ని చంపావు. కిందటేడు ఇలాగే ఎక్కువ బరువు తోలుతూ పట్టుబడ్డావు. మళ్ళీ దొరికితే జైలని కోర్టులో చెప్పారు. అందుకే ముసలాణ్ణి ఇరికించావు."

గురవమ్మ తన పసుపు చేతులకేసి చూసుకుంది.

"బండి సంగతి చెప్పొద్దంటే నోరు మూసుకున్నా. చచ్చిన దాని కాల్లో మేకు కొట్టినావా?"

చెంచురామయ్య కూలబడ్డాడు. "జైలంటే బయమేసింది గురవా!"

కానిస్టేబుల్ ఇమామ్ సాహెబ్‌ను వదిలి అతని రెక్క పట్టుకున్నాడు.

"ఇంటికి వెళ్ళు సాయిబూ," అన్నాడు మస్తానయ్య.

ఇమామ్ సాహెబ్ వెళ్ళలేదు. సంచిలోంచి పట్టకారు తీశాడు. ఎద్దు కాలు ఒళ్ళో పెట్టుకుని, మేకును కొంచెం కొంచెంగా బయటికి లాగాడు.

"అయిపోయిందిరా అయ్యా," అన్నాడు ఎద్దుతో. "కదలమాక."